గొప్పగా ఆడినవాడే గొప్పగా నేర్పగలడా? చార్లీ లౌ, టెడ్ విలియమ్స్ మీద చర్చ

పాత స్కోర్‌కార్డు:
"సొంతంగా కొట్టలేనివాడు ఇంకొకడికేం నేర్పుతాడు" అని చాలామంది అంటుంటారు. బేస్‌బాల్‌లో నా ఓటు చార్లీ లౌకే. క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) 11 సీజన్లు ఆడి .255 సగటు, అంటే వెయ్యి అవకాశాల్లో 255 హిట్లు, మొత్తం 16 హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించే దెబ్బలు), అంతే. అలాంటివాడు కాన్సాస్ సిటీ రాయల్స్‌కి బ్యాటింగ్ కోచ్‌గా ఉన్నప్పుడే జార్జ్ బ్రెట్ అనే బ్యాటర్ తయారయ్యాడు. 1974లో ఆ కుర్రాడు సగం సీజన్ అయ్యేసరికి .200 దగ్గర తంటాలు పడుతుంటే, లౌ నిలబడే తీరు దగ్గర్నుంచి మార్చాడు. ఆ ఏడాది .282తో ముగించాడు. 1980లో ఏకంగా .390!

వాషింగ్టన్ అభిమాని:
నేనొప్పుకోను. 1980 నాటికి లౌ న్యూయార్క్ యాంకీస్ జట్టుకి వెళ్ళిపోయాడు, ఆ .390 ఆయన ఖాతాలో ఎలా వేస్తారు? విలియమ్స్‌ని చూడండి. 1941లో .406 కొట్టినవాడు, 521 హోమ్ రన్లు. 1969లో వాషింగ్టన్ సెనేటర్స్‌కి మేనేజర్‌గా వచ్చాడు, ముందటేడు 65 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 86 గెలిచింది. షార్ట్‌స్టాప్ (రెండు, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ఎడ్ బ్రింక్‌మన్ .187 నుంచి .266కి ఎక్కాడు. ఇక ఫ్రాంక్ హోవర్డ్, కొండలాంటి మనిషి, కనబడ్డ బంతినల్లా బాదేవాడు. చెడ్డ బంతిని వదిలెయ్యమని విలియమ్స్ వెంటపడ్డాక వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఊరికే దక్కే మొదటి బేస్) 54 నుంచి 102 అయ్యాయి, హోమ్ రన్లు తగ్గకపోగా 44 నుంచి 48కి పెరిగాయి.

పాత స్కోర్‌కార్డు:
హోవర్డ్ విషయంలో మీరే కరెక్ట్. బ్రింక్‌మన్ లెక్క మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే సరిగ్గా 1969లోనే పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిలబడే దిబ్బని 15 అంగుళాల నుంచి 10కి దించారు, స్ట్రైక్ జోన్ (మంచి బంతిగా లెక్కించే పరిధి) కూడా చిన్నది చేశారు, దాంతో కొట్టడం తేలికై అమెరికన్ లీగ్ సగటే .230 నుంచి .246కి పెరిగింది. ఆ తర్వాత మూడేళ్ళలో విలియమ్స్ జట్టు గెలిచిన మ్యాచ్‌లు వరసగా 70, 63, 54.

ఆర్లింగ్టన్ పక్కన:
ఆ 54 మా టెక్సస్ రేంజర్స్‌వి అండీ, 1972లో సెనేటర్సే ఇక్కడ ఆర్లింగ్టన్‌కొచ్చి రేంజర్స్ అయ్యారు, 100 ఓడారు. కానీ ఆ తప్పు కోచింగ్‌ది కాదు. 1970 చివర్లో పిచ్చర్ డెన్నీ మెక్‌లెయిన్ కోసం బ్రింక్‌మన్‌తో సహా మంచి ఆటగాళ్ళని డెట్రాయిట్‌కి ఇచ్చేశారు. మెక్‌లెయిన్ మరుసటి ఏడు 22 మ్యాచ్‌లు ఓడాడు. చేతిలో ఆటగాళ్ళే లేకపోతే ఎవరికి నేర్పాలి?

పాత స్కోర్‌కార్డు:
సరే, గెలుపోటములు పక్కన పెడదాం. లౌ 1962లో బాల్టిమోర్‌లో ఉండగా తన స్టాన్స్ (నిలబడే తీరు) తనే మార్చుకుని .294 కొట్టాడు, ఒకే మ్యాచ్‌లో నాలుగు డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కూడా. సొంత స్వింగ్‌ని ఊడదీసి మళ్ళీ బిగించుకున్నవాడు కాబట్టే బ్రెట్ బరువు వెనక కాలి మీంచి ముందుకు ఎప్పుడు రావాలో పట్టుకోగలిగాడు. విలియమ్స్‌కి మంచి బంతినీ చెడ్డ బంతినీ పసిగట్టే ఆ కళ్ళు పుట్టుకతో వచ్చాయి, వాటిని ఇంకొకరికి ఎలా ఇస్తాడు?

వాషింగ్టన్ అభిమాని:
కళ్ళు ఇవ్వలేడు, ఏ బంతి కోసం ఆగాలో చెప్పగలడు. హోవర్డ్ 102 దగ్గర ఆగలేదు, 1970లో 132 వాక్‌లు, ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో అవే ఎక్కువ.