మత సేవకుల ఆర్-1 వీసాకు అయిదేళ్లు అయిపోవస్తున్నాయి, గ్రీన్‌కార్డు లైను కదలడం లేదు: ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి

గోదారి_అర్చకుడు
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఒక వేంకటేశ్వరస్వామి గుడిలో అర్చకుణ్ణి, మాది వైఖానసం. 2022 జనవరిలో ఆర్-1 మీద వచ్చాను. మొదట 30 నెలలు ఇచ్చారు, తర్వాత ఇంకో 30 నెలలు పొడిగించారు, దాంతో అయిదేళ్ల కోటా సరి. గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన ఐ-360 పిటిషన్ మాత్రం గుడి కమిటీవాళ్లు 2025 మార్చిలో గానీ వేయలేదు. అది అప్రూవ్ అయిన రోజు అందరూ అభినందనలు చెప్పారు, నేనూ గ్రీన్‌కార్డు వచ్చేసినట్టే అనుకున్నాను. తర్వాత లాయర్ గారు వీసా బులెటిన్ (ఏ తేదీ వాళ్ల దాకా లైను వచ్చిందో స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా వేసే పట్టిక) తెరిచి చూపించారు. మాలాంటివాళ్లకున్న ఈబీ-4 అనే గ్రీన్‌కార్డు కోటాలో నా ప్రయారిటీ డేట్ (ఐ-360 వేసిన తేదీ, లైనులో మన చోటు అదే) రావాలంటే ఏళ్లు పడుతుందట, అంతవరకు ఐ-485 (గ్రీన్‌కార్డు చివరి దరఖాస్తు) వేయడానికి లేదట, 2027 జనవరికి దేశం వదిలి వెళ్లాల్సిందేనట. పాప ఎనిమిదో తరగతి, బాబు ఇక్కడే పుట్టాడు. ఏకాంత సేవ చేసి ఇంటికొచ్చాక నిద్ర పట్టడం లేదు. ఇది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.

ఫాదర్_మిడ్‌వెస్ట్
స్వామి గారు, మాదీ ఇదే కథ. నల్గొండ వైపు నుంచి వచ్చి మూడు చిన్న ఊళ్లకు ఒక్కణ్ణే ఫాదర్‌ని, ఆదివారం మూడు చోట్లా పూజ చెప్పి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. నాకంటే ముందు వచ్చిన మన తెలుగు ఫాదర్లకు గ్రీన్‌కార్డు అయిదేళ్ల లోపే చేతికొచ్చేది, అందుకే ఎవరూ తొందరపడేవాళ్లు కాదు. 2023లో అంతా మారింది. ఈబీ-4 అంటే మనం మాత్రమే కాదు, తల్లిదండ్రులు హింసించారని, వదిలేశారని కోర్టు తేల్చిన పిల్లలు కూడా ఇదే కోటాలో ఉంటారు. ఎల్ సాల్వడార్, గ్వాటెమాల, హోండురాస్ దేశాల వాళ్లకు కొన్నేళ్లపాటు విడిగా లైను నడిచింది. ఆ పద్ధతి చట్టానికి సరిపోదని స్టేట్ డిపార్ట్‌మెంట్ చెప్పి వాళ్లను అందరి లైనులో కలిపేసింది. ఆ ఏప్రిల్ బులెటిన్‌లో తేదీ ఒక్కసారిగా 2018 సెప్టెంబర్ 1కి వెనక్కి పోయింది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, ఉండకూడదు కూడా. కోటానే చిన్నది. ఉద్యోగ వీసాల్లో 7.1 శాతం, ఏడాదికి సుమారు 10,000, అందులోనే మనం, ఆ పిల్లలు, మన భార్యాబిడ్డలు అందరూ. 2025లో అయితే ఫిబ్రవరి చివరికే ఆ ఏడాది వీసా నంబర్లు అయిపోయాయి, కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబర్ 1 దాకా ఎవరికీ ఒక్కటీ లేదు.

మా సిస్టర్ల పరిస్థితి ఇంకా కష్టం. ఫాదర్లకు, అర్చకులకు, పాస్టర్లకు ఉన్న ఐ-360 దారి శాశ్వతం. సిస్టర్లు, ఉపదేశకుల్లాంటి వాళ్లకు ఏడాదికి 5,000 మించకుండా ఒక దారి ఉంది గానీ, దాన్ని కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగిస్తూ ఉండాలి. ఆ పొడిగింపు ఉండే ప్రభుత్వ నిధుల బిల్లు ఆగితే అదీ ఆగిపోతుంది.

తిరిగొచ్చినవాడు
నేను వెళ్లి తిరిగొచ్చాను కాబట్టి రాస్తున్నా. 2024 ఆగస్టులో నా అయిదేళ్లు నిండాయి. అప్పటి రూలు ప్రకారం మళ్లీ ఆర్-1 మీద రావాలంటే ఒక ఏడాది నిండా అమెరికా బయట ఉండాలి. కారు అమ్మేశాం, సామాన్లు సగం పంచిపెట్టాం, పిల్లల్ని అమలాపురంలో స్కూల్లో వేశాం. ఆ ఏడాది ఒక పల్లెటూరి గుడిలో చేశాను. అసలు దెబ్బ అది కాదు. పాత గుడివాళ్లు నా చోట ఇంకొకర్ని పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, ఏడాదిపాటు దేవుడికి నైవేద్యం ఆపలేరు కదా. కానీ నా ఐ-360 ఆ గుడి పేరు మీద ఉంది. హెచ్-1బీ వాళ్లకు కంపెనీ మారినా పాత ప్రయారిటీ డేట్ వెంట వస్తుంది, మనకు ఆ వెసులుబాటు లేదు. గుడి మారితే కొత్త ఐ-360, కొత్త తేదీ. నాలుగేళ్ల క్యూ అంతా ఒక్క ఈమెయిల్‌తో పోయింది. వేరే రాష్ట్రంలో ఇంకో గుడివాళ్లు పిలిస్తే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి 2025 నవంబర్‌లో వచ్చాను. స్వామీ, మీరు ఏం చేసినా ముందు మీ గుడివాళ్ల దగ్గర ఆ ఉద్యోగం మీకోసం ఉంచుతామని కాగితం మీద తీసుకోండి.

విజయవాడ_అబ్బాయి
ఇప్పుడు ఆ సంవత్సరం రూలు తీసేశారంట కదా? గుడిలో ఎవరో అంటుంటే విన్నా, ఇక ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అని.

కమిటీ_వాలంటీర్
సగం నిజం తమ్ముడూ. 2026 జనవరిలో హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు మధ్యంతర రూలు తెచ్చారు. ఏడాది బయట ఉండాలనేది పోయింది. కానీ అయిదేళ్లు నిండితే దేశం దాటాల్సిందే, గుడి కొత్త పిటిషన్ వేయాల్సిందే, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ స్టాంపింగ్. వీసా చేతికి రాగానే తిరిగి రావచ్చు, అంతే. ఇక్కడే కూర్చుని గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే హక్కు ఇంకా రాలేదు. దానికోసమే సెనేటర్లు టిమ్ కేన్, సూసన్ కాలిన్స్, జిమ్ రిష్ 2025 ఏప్రిల్‌లో రెలిజియస్ వర్క్‌ఫోర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ అని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. న్యూజెర్సీలో పేటర్సన్ మేత్రాసనం (అక్కడి బిషప్ గారి కింద ఉన్న క్యాథలిక్ చర్చిల వ్యవస్థ), అక్కడి అయిదుగురు ఫాదర్లు 2024 ఆగస్టులో ప్రభుత్వం మీద కేసు వేశారు. వాళ్లు అంత దూరం వెళ్లారు కాబట్టే ఈ మాత్రం కదిలిందని నా నమ్మకం.

ఇంకొకటి చెప్పాలి. నేను మా గుడి కమిటీలో ఆరేళ్లు ఉన్నాను. మా అర్చకుల గారికి ఐ-360 ఆలస్యం చేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. "రెండేళ్లు చూద్దాం, నచ్చితే అప్పుడు వేద్దాం" అన్నాం. ఆ రెండేళ్లు ఆయన జీవితంలో నుంచి తీసేశామని అప్పుడు తెలియలేదు. ఐ-360కి వరసగా గత రెండేళ్లు అర్చకత్వం చేసి ఉండాలి, నిజమే, కానీ అది అమెరికాలోనే చేసి ఉండాలని లేదు, ఇండియాలో చేసింది కూడా లెక్కే. కాగితాలు బాగుంటే వచ్చిన కొత్తలోనే వేయొచ్చు. కమిటీల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొత్త రాజగోపురానికి చందాలు ఎత్తే ముందు ఈ ఒక్క పని చేయండి.

గుంటూరు_పాస్టర్
ఇండియా అనుభవానికి రుజువు దొరకడమే కష్టం సార్. మా సంఘంలో జీతం చీటీ అనేదే లేదు, కానుకల మీద బతికాం. లాయర్ అడిగితే ఏం చూపించాలో తెలియలేదు.

తిరిగొచ్చినవాడు
పాస్టర్ గారు, నాకూ అదే ఇబ్బంది. సంభావనకు రసీదు ఎవరిస్తారు? చివరికి ధూప దీప నైవేద్యం పథకం డబ్బులు నెలనెలా పడిన బ్యాంకు పాస్‌బుక్ పనికొచ్చింది, దానితోపాటు ఉత్సవాల కరపత్రాల్లో నా పేరు, ఊరి పెద్దల ఉత్తరాలు. మీకైతే సంఘం రిజిస్టర్లు, బాప్తిస్మం, పెళ్లి రికార్డుల్లో మీ సంతకాలు ఉంటాయి చూడండి.

తులసికోట
నేను అర్చకుల భార్యని. ఇక్కడ మగవాళ్లే రాస్తున్నారు, అందుకని ఒక మాట. ఆర్-1 వాళ్ల భార్యాబిడ్డలకిచ్చే ఆర్-2 మీద మేం ఉద్యోగం చేయకూడదు. బీఈడీ చదివాను, ఏడేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పాను, ఇక్కడ ప్రసాదం వండుతాను, అదీ సేవగానే. మేముండే ఇల్లు గుడివాళ్లది. వీసా అయిపోయిన రోజు జీతం, ఇల్లు, ఇన్సూరెన్స్ మూడూ ఒకేసారి పోతాయి. అందుకే మావారు కమిటీ ముందు నోరెత్తి ఏదీ అడగలేకపోయారు, అడిగితే ఏమనుకుంటారో అని. మా అమ్మాయికి పందొమ్మిది. ఇరవై ఒకటి దాటితే మా ఫైల్లో నుంచి తప్పుకునే ప్రమాదం ఉందని లాయర్ చెప్పారు, రోజూ ఆ టెన్షనే. గోదారి గారూ, మీ ఆవిడని కూడా లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాకేం తెలియదని ఇంట్లో కూర్చోబెట్టకండి.

ఫాదర్_మిడ్‌వెస్ట్
అమ్మా, మీరు రాసింది మా బిషప్ గారికి చదివి వినిపిస్తాను. మాకు కుటుంబం లేదు కాబట్టి ఈ బాధ మాకు తెలియదు.

స్వామి గారికి ఒక ఉపయోగపడే విషయం. అయిదేళ్లు అంటే అమెరికాలో ఉన్న రోజులే లెక్క. మధ్యలో ఇండియా వెళ్లిన రోజులు తిరిగి అడిగి కలుపుకోవచ్చు. పాస్‌పోర్టు ముద్రలు, టికెట్లు, ఐ-94 ప్రయాణ వివరాలు అన్నీ తీసి లెక్కేయండి. నాకు అలా 94 రోజులు వచ్చాయి, ఈస్టర్ దాకా ఉండగలిగాను.

కమిటీ_వాలంటీర్
బయట గృహప్రవేశాలు, సత్యనారాయణ వ్రతాలకు ఎవరైనా నేరుగా పిలిచి దక్షిణ చేతిలో పెడితే తీసుకోకండి స్వామీ. గుడి ఆఫీసులో బుక్ చేయమనండి. స్పాన్సర్ చేసిన గుడికి తప్ప ఇంకెవరికీ పని చేసినట్టు కనిపించకూడదు, రేపు ఐ-485లో అదే అడుగుతారు.

గోదారి_అర్చకుడు
మీ అందరికీ దండాలు. నిన్న నా పాస్‌పోర్టు ముందేసుకుని లెక్కేశాం, మా ఆవిడే వేసింది. నాన్నగారు పోయినప్పుడు, తర్వాత సంవత్సరీకాలకు వెళ్లినవి కలిపి 71 రోజులు వచ్చాయి, లాయర్‌కు పంపాం. ఆదివారం కమిటీ మీటింగ్‌లో రెండు అడిగాను: కొత్త ఆర్-1 పిటిషన్ నేను వెళ్లకముందే సిద్ధం చేయాలని, నా చోటు నాకే ఉంచుతామని ఉత్తరం ఇవ్వాలని. ఉత్తరానికి ఒప్పుకున్నారు, పిటిషన్ గురించి వచ్చే నెల చెబుతామన్నారు. తులసికోట గారూ, బుధవారం అపాయింట్‌మెంట్‌కి ఇద్దరం వెళ్తున్నాం.

మా తమ్ముడు కూడా ఈ ఏడాదే ఒహాయోకి ఆర్-1 మీద వస్తున్నాడు. వాడికి ఫోన్ చేసి పాస్‌బుక్ ఎక్కడుందిరా అంటే, అమ్మ బీరువాలో బట్టల కింద ఉందన్నాడు. ఇప్పుడే తీసి ప్రతి పేజీ ఫొటో పంపమన్నాను.