ఫ్యామిలీతో కొత్త ఊరికి మారుతున్నాం, ముందు స్కూల్ చూడాలా ఇల్లు చూడాలా?

వానచినుకు (ప్రశ్న)

అందరికీ నమస్తే అండి. మా ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం ఖాయమైంది, స్కూళ్ళు మళ్ళీ తెరిచేలోపు అన్నీ సర్దుకుని అక్కడికి మారిపోవాలి. ఊరు కొత్త, అక్కడ మాట్లాడే భాష కొత్త, ఫోన్ చేసి అడుగుదామంటే తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. పాపకి 13 నిండబోతున్నాయి, బాబుకి 6.

సమస్య ఎక్కడొచ్చిందంటే ఆఫీసేమో ఊరికి ఒక చివర, అందరూ బాగుందంటున్న స్కూలేమో ఇంకో చివర, ఆ స్కూల్ చుట్టుపక్కల అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. మా ఆయన ముందు ఇల్లు తీసేసుకుందాం, దగ్గర్లో ఏదో ఒక స్కూల్ దొరక్కపోదు అంటారు. నాకేమో స్కూల్ తేలకుండా ఇంటికి అడ్వాన్స్ ఇవ్వాలంటే భయంగా ఉంది. ఆన్‌లైన్‌లో రివ్యూలు చదివితే ఒకే స్కూల్‌ని ఒకరు ఆకాశానికెత్తేస్తారు, ఆ కిందే ఇంకొకరు పొరపాటున కూడా పిల్లల్ని వెయ్యకండి అని రాస్తారు. బ్రోకర్‌ని అడిగితే ఏ ఏరియా అయినా ఫ్యామిలీలకి సూపర్ మేడమ్ అనే అంటాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, పాప సంగతి ఇంకో ఎత్తు. ఫ్రెండ్స్‌ని వదిలేసి నేను రాను అని కూర్చుంది. ఇలా మారినవాళ్ళు ఎవరైనా ఉంటే దేని తర్వాత ఏది చూసుకున్నారో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

నల్లబల్ల

నేను టీచర్‌ని అండి, ఏటా కొత్తగా చేరే పిల్లల్ని చూస్తుంటాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా.

మీ భయం కరెక్టే, స్కూల్ తేలాకే ఇల్లు. ఇల్లు నచ్చకపోతే అగ్రిమెంట్ అయిపోగానే మారిపోవచ్చు, ఏడాది మధ్యలో పిల్లని స్కూల్ మార్పించడం అంత తేలిక కాదు. కానీ ఆ రెండిటికంటే ముందు మీరూ మీ ఆయనా కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఇంట్లో ఎవరు రోజూ ఎంతసేపు రోడ్డు మీద ఉండగలరు అనేది. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ అని ఇద్దరు ఎకనామిస్టులు జర్మనీ సర్వే డేటా తీసుకుని 2008లో ఒక పేపర్ వేశారు, ప్రయాణం ఎక్కువున్నవాళ్ళు తమ జీవితంతో తక్కువ తృప్తిగా ఉన్నారని, వచ్చే జీతం గానీ దొరికే మంచి ఇల్లు గానీ ఆ లోటుని పూడ్చట్లేదని అందులో తేలింది. అది పెద్దవాళ్ళ సంగతి. పిల్లలకైతే బస్సులో పోయే ప్రతి అరగంటా ఆటలోంచో నిద్రలోంచో పోవాల్సిందే, వేరే ఎక్కడినుంచీ రాదు.

కాబట్టి ఆఫీస్ నుంచి మీకు కుదిరే దూరం పెట్టుకుని, ఆ లోపల ఉన్న స్కూళ్ళే చూడండి. ఎంత పేరున్నా దాని బయట ఉన్నవి లిస్ట్‌లోంచి తీసేయండి. కొన్ని చోట్ల ప్రభుత్వ స్కూళ్ళకి ఇంటి అడ్రస్‌ని బట్టే సీటు, వీధికి ఇటుపక్క ఒక స్కూల్ అటుపక్క ఇంకో స్కూల్ అన్నట్టుంటుంది. అలాంటి ఊరైతే ఏదో వెబ్‌సైట్‌లో మ్యాప్ చూసి ఊరుకోకండి, స్కూల్ ఆఫీస్‌కి ఫోన్ చేసి డోర్ నంబర్‌తో సహా చెప్పి అడగండి, ఎందుకంటే ఆ హద్దులు అప్పుడప్పుడు మారుస్తుంటారు. అక్కడ అద్దెలు ఎందుకలా ఉన్నాయంటే కారణం చాలావరకు ఇదే. శాండ్రా బ్లాక్ అనే ఎకనామిస్ట్ 1999లో బోస్టన్ శివార్లలో ఇలాంటి హద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు పోల్చి చూస్తే, స్కూల్ టెస్ట్ మార్కులు 5 శాతం ఎక్కువున్న వైపు ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేలింది.

మరి ఆ మార్కులకి అంత విలువ ఉందా అంటే, నా అభిప్రాయంలో లేదు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందం 6 లక్షల మందికి పైగా పిల్లల మీద చేసిన స్టడీలో, పిల్లల మార్కుల్లో తేడాలు స్కూళ్ళ మధ్య తేడాల కంటే ఇంటి పరిస్థితుల్నే ఎక్కువగా చూపిస్తున్నాయని వచ్చింది. దానిమీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, టీచర్ బాగుంటే తేడా గట్టిగానే ఉంటుందని కూడా తేలింది, అది వేరే సంగతి. కానీ సగటు మార్కులు చూసి స్కూల్‌ని అంచనా వెయ్యకూడదు అన్నది మాత్రం నిలిచింది. బాగా చదివే పిల్లల్నే ఏరి చేర్చుకునే స్కూల్‌కి మార్కులు రాక ఏమవుతాయి? వెనకబడి వచ్చిన పిల్లాడు రెండేళ్ళలో ఎంత ముందుకొచ్చాడు, అది అడగండి.

స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు స్మార్ట్ బోర్డులు, స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు, చూడండి, తప్పు లేదు. తర్వాత మాత్రం మీ పాప చేరబోయే క్లాసువి నాలుగైదు నోట్‌బుక్స్ చూపించమని అడగండి. ఫస్ట్ వచ్చే పిల్లవి కాదు, మామూలు పిల్లలవి. పేజీ పేజీకి ఎర్ర టిక్కు కొట్టి కింద తేదీ వేసి ఉంటే ఆ పుస్తకం ఎవరూ చదవలేదని అర్థం. "ఈ స్టెప్ ఎందుకు వచ్చిందో రాయి" అని టీచర్ మార్జిన్‌లో రాసి, దాని కింద పిల్ల మళ్ళీ చేసి చూపించిన లెక్క కనపడిందనుకోండి, ఇంక బిల్డింగ్ ఎలా ఉన్నా నేనైతే పట్టించుకోను. ఇంకొకటి, పోయినేడు ఈ క్లాసుకి చెప్పిన టీచర్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని అడగండి. అక్కడ నీళ్ళు నమిలారంటే టీచర్లు నిలవట్లేదనే. పిల్లల టాయిలెట్లు కూడా చూడండి, చూపించడానికి ఇబ్బంది పడితే అది కూడా ఒక జవాబే.

పొద్దుపొడుపు

టీచర్ గారు చెప్పినదాంట్ల తప్పేం లేదు అక్కా, కానీ నేనైతే ఏరియాకి ఇంకొంచెం ఎక్కువ మార్కులేస్త. స్కూల్ల పిల్లలు ఆరేడు గంటలుంటరు, మిగిలిందంతా ఇంటికాడనే కదా. సాయంత్రం కిందికి దిగితే ఆడుకునేటందుకు జాగా ఉందా, పిల్లలున్నరా, ఒక్కతే దుకాణం దాకా నడిచి పోయి రాగలదా, ఇవి ఏ రేటింగ్‌ల ఉండవు.

ఏరియాని సెలవురోజు మధ్యాహ్నం చూసి ఓకే అనకున్రి. అప్పుడు ఏ గల్లీ అయినా సప్పుడు లేకుండ మంచిగనే కనపడతది. పనిరోజు పొద్దుగాల బడి టైముకు పోయి గేటుకాడ నిలబడున్రి. పిల్లలు నడిచి వస్తున్నరా, అందరు కార్లల్లనే దిగుతున్నరా, రోడ్డు దాటిపిచ్చేటోళ్ళు ఎవరన్న ఉన్నరా లేకుంటే పిల్లలే బండ్ల నడుమ నుంచి ఉరుకుతున్నరా, అన్ని అక్కడనే తెలుస్తయి. మల్ల చీకటి పడ్డంక ఒకసారి అదే గల్లీల తిరగున్రి, లైట్లు ఎట్లున్నయి, ఆడోళ్ళు ధైర్యంగ నడుస్తున్నరా అని.

సప్పుడు గురించి ఒకటి చెప్తా, దీన్ని ఎవరు పట్టించుకోరు. న్యూయార్క్‌ల పబ్లిక్ స్కూల్ 98 అని ఒక బడి ఉండె, దాని పక్కపొంటి పైన రైలు పట్టాలు. 1975ల అర్లీన్ బ్రోంజాఫ్ట్ అనే సైకాలజిస్ట్ చూస్తే, పట్టాల దిక్కు క్లాసురూములల్ల కూసునే పిల్లలు చదవడంల అవతలి దిక్కు పిల్లలకంటే వెనకబడ్డరు, కొన్ని క్లాసులల్ల అయితే దగ్గర దగ్గర ఏడాది వెనక. బడి అదే, పుస్తకాలు అవే, ఉన్న తేడా సప్పుడొక్కటే. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు వేసిన్రు, క్లాసురూములల్ల సప్పుడు గుంజుకునే సీలింగ్ పెట్టిన్రు, మల్ల చూస్తే ఆ తేడా పోయింది. అందుకే జర మెయిన్ రోడ్డుకో ఫ్లైఓవర్‌కో ఆనుకుని ఉన్న బడి అయితే, క్లాస్ నడుస్తున్నప్పుడు లోపలికి పోయి ఆఖరి బెంచీల కూసోనిస్తరా అడుగున్రి, టీచర్ గొంతు అక్కడిదాక వస్తదో రాదో మీకే తెలుస్తది. ఇంటికి గూడ ఇదే లెక్క, పిల్లలు పండుకునే రూమ్ కిటికీ ఏ దిక్కు ఉందో చూసుకోన్రి.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, పోంగనే ఇల్లు కొనకున్రి. బావ తొందరపెట్టినా సరే. ముందుగాల కిరాయికి ఉండున్రి, అక్కడి గాలి, నీళ్ళు, పక్కింటోళ్ళు అన్ని తెలిసినంక అప్పుడు చూసుకోవచ్చు.

వానచినుకు

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ, నోట్‌బుక్స్ అడగొచ్చని నాకు అస్సలు తట్టలేదు. కొనే ఆలోచన అయితే లేదు తమ్ముడూ, అద్దెకే.

పాప గురించి కూడా ఎవరైనా చెప్పండి. బాబుకి ఎక్కడైనా ఒకటే, వాడికి బాల్ ఉంటే చాలు. పాపకి భాష రాదు, ఇక్కడ క్లాసులో ముందుండే పిల్ల, అక్కడికెళ్ళి డల్ అయిపోతుందేమో అని నాకు దిగులు.

మెట్లదారి

వానచినుకు చెల్లీ, మా ఇంట్లో కూడా ఈ వయసులోనే మార్పు జరిగింది కాబట్టి నీ దిగులు నాకు తెలుసు. ముందు భాష సంగతి చెప్తాను. మాట్లాడే భాష, చదువుకునే భాష రెండూ ఒకటి కావమ్మా. జిమ్ కమిన్స్ అని కెనడా ప్రొఫెసర్ ఎప్పుడో చెప్పారు, కొత్త భాషలో ఫ్రెండ్స్‌తో గడగడా మాట్లాడ్డం పిల్లలకి రెండేళ్ళ లోపు వచ్చేస్తుంది, కానీ సైన్స్, సోషల్ పాఠాలు ఆ భాషలో తోటి పిల్లలతో సమానంగా చదివి రాయడానికి 5 నుంచి 7 ఏళ్ళు పడుతుంది అని. చాలామంది అమ్మానాన్నలు ఇక్కడే కంగారు పడతారు, బయట అంత బాగా మాట్లాడుతోంది కదా మరి పరీక్షలో ఏం వచ్చింది అని పిల్లని కోప్పడతారు. బాబుకి 6 కాబట్టి వాడికి టైముంది. పాపకి పెద్ద పరీక్షలకి ఇంక ఎన్నో ఏళ్ళు లేవు, అందుకని ఇప్పుడు ఏ మీడియంలో చదువుతోందో అదే మీడియం ఉన్న స్కూల్ దొరికితే కాస్త దూరమైనా అదే మేలు. దొరక్కపోతే భాష రాని పిల్లలకి విడిగా క్లాస్ పెడతారా, ఎవరు చెప్తారు, వారానికి ఎన్ని పీరియడ్లు, ఇవన్నీ గుచ్చి గుచ్చి అడుగు. "అదే వచ్చేస్తుంది లెండి" అన్న స్కూల్‌లో నేనైతే వెయ్యను.

వయసు విషయంలో ఒక పేరున్న స్టడీ ఉంది. 1994 నుంచి 98 వరకు అమెరికా ప్రభుత్వం 5 నగరాల్లో బాగా పేద బస్తీల్లో ఉండే కుటుంబాలకి మెరుగైన ఏరియాలకి మారడానికి లాటరీ తీసి అద్దె సాయం ఇచ్చింది. ఆ పిల్లలు పెద్దయ్యాక రాజ్ చెట్టీ అనే ఎకనామిస్ట్ వాళ్ళు వెనక్కెళ్ళి చూస్తే, 13 ఏళ్ళ లోపు అలా మారినవాళ్ళ సంపాదన, మారని పిల్లల కంటే 31 శాతం ఎక్కువుంది. 13 దాటాక మారినవాళ్ళకి ఆ లాభం కనపడలేదు, కొంచెం తగ్గినట్టే ఉంది. ఇది చూసి హడలిపోవద్దు, వాళ్ళవి కటిక పేదరికంలోంచి వచ్చిన కుటుంబాలు, మీ పరిస్థితి వేరు. నేను దాన్నుంచి తీసుకున్నది ఒకటే, చిన్నపిల్లలకి కొత్త ఏరియా కలిసొస్తుంది, పెద్దపిల్లలకి మార్పు తాలూకు కుదుపే ముందు తగులుతుంది. అందుకని ఇద్దరికీ ఒకే స్కూల్ కుదరకపోతే పాపకి తగ్గ స్కూల్‌ని బట్టి ఇల్లు చూసుకో, బాబు ఎక్కడైనా ఇమిడిపోతాడు.

స్కూల్ ఎన్నింటికి మొదలవుతుందో కూడా చూడు. టీనేజ్‌లో రాత్రి నిద్ర లేటుగా పట్టడం బద్ధకం కాదు, ఆ వయసులో ఒళ్ళే అలా మారుతుంది. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో పెద్ద క్లాసులకి బడి 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. ఆ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. బడి ఏడున్నరకే మొదలై, బస్సు ఆరింటికే వచ్చి, పైగా కొత్త భాష అంటే పిల్ల తట్టుకోవడం కష్టం.

ఇక రానంటోంది అన్నావు కదా. నచ్చజెప్పడం ఆపెయ్. అక్కడ ఎంత బాగుంటుందో తెలుసా అని మనం మొదలుపెడితే వాళ్ళు ఇంకా బిగుసుకుపోతారు. బాధగా ఉంటుంది, నిజమే, అని ఒప్పుకుని పక్కన కూర్చో. మారాలా వద్దా అన్నది తన చేతిలో లేదు, కానీ మీరు చూసి పెట్టిన రెండు మూడు స్కూళ్ళలో ఏది అన్నది తనకే వదిలెయ్యొచ్చు, నిజంగానే వదిలెయ్యాలి, ఊరికే అడిగినట్టు అడిగి మీకు నచ్చింది చెప్తే కనిపెట్టేస్తారు. ఇక్కడ ఏదైనా ఆటో పాటో డాన్సో నేర్చుకుంటుంటే అక్కడ స్కూల్ మొదలవకముందే అందులో చేర్పించు. మా పాపకి మొదటి స్నేహితురాలు క్లాసులో దొరకలేదు, బ్యాడ్మింటన్ కోర్టులో దొరికింది, భాష రాకపోయినా ఆట ఆడొచ్చు కదా.

సర్దుమూట

మాది తరచూ మారే ఉద్యోగం, పైవాళ్ళు చెప్పనిది ఒకటి రాస్తాను. ఇంకో రెండు మూడేళ్ళలో మళ్ళీ మారే అవకాశం ఉందేమో మీ ఆయన్ని ముందే అడిగి తెలుసుకోండి, ఉంటే మాత్రం సిలబస్ చూసి ఎంచుకోండి. ఆ ఊరికి మాత్రమే పరిమితమైన సిలబస్‌లో వేస్తే తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) అనే సిలబస్ పుట్టిందే ఇలాంటి పిల్లల కోసం, 1968లో జెనీవాలో మొదలైంది, దేశాలు తిరిగే ఉద్యోగుల పిల్లలు ఏ దేశంలో అయినా యూనివర్సిటీలో చేరేలా ఒకే పరీక్ష ఉండాలని పెట్టారు. ఫీజులు మామూలుగా ఉండవు కాబట్టి అందరూ అందులోనే వెయ్యాలి అనట్లేదు, ఇక్కడ చదివే బోర్డే అక్కడా ఉంటే దానికి మించింది లేదు.

పేపర్ల విషయానికొస్తే టీసీ, గత రెండేళ్ళ మార్కుల షీట్లు, టీకాల రికార్డు, బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ మీ చేతి బ్యాగులో పెట్టుకోండి, ప్యాకర్స్ వాళ్ళ లారీలో ఎక్కించకండి. అక్కడ సీటు రాతపూర్వకంగా కన్ఫర్మ్ అయ్యేదాకా ఇక్కడ టీసీ తీసుకోకండి, ఫోన్లో "వచ్చేయండి చూద్దాం" అన్నది సీటు కాదు.

వానచినుకు

మెట్లదారి అక్కా, మీరు రాసింది పాపకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అక్కడ బ్యాడ్మింటన్ ఉంటుందా అని అడిగింది. మా ఆయన కూడా స్కూల్ తేలాకే ఇల్లు అన్నదానికి ఒప్పుకున్నారు. ఆఫీస్ నుంచి ముప్పావు గంట లోపు అని పెట్టుకుంటే మూడు స్కూళ్ళు మిగిలాయి, అందరూ పొగిడే ఆ పెద్ద స్కూల్ అందులో లేదు. వచ్చే వారం ముగ్గురం వెళ్తున్నాం, బాబు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. పనిరోజే వెళ్తున్నాం, గేట్ దగ్గర కూడా నిలబడతాం. భాష క్లాసుల గురించి ఒక స్కూల్‌కి ఈమెయిల్ పెడితే టీచర్ పేరు, పీరియడ్లు, టైమ్‌టేబుల్ అన్నీ ఆ రోజే పంపించారు. మిగతా రెండూ ఇంకా జవాబివ్వలేదు.

నల్లబల్ల

జవాబిచ్చిన స్కూల్‌కే ముందు వెళ్ళండి అండి. వీలైతే పాపని ఆ క్లాసులో ఒక పూట కూర్చోనిస్తారా అని అడగండి, చాలా స్కూళ్ళు ఒప్పుకుంటాయి. మీరిద్దరూ మాత్రం ఆ పూట స్టాఫ్ రూమ్ వైపు వెళ్ళకుండా బయటే ఉండండి, సాయంత్రం తను ఏం చెప్తుందో వినండి.