ఇంటి చదువు పాత సెట్టుకు 11,000 అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

సుబేదారి_అమ్మ

అందరికీ నమస్తే. మా పాపకు ఈ జూన్ నుంచి ఐదో తరగతి. బడి మాన్పించి రెండేళ్లయింది, ఇంట్లోనే చదువుకుంటోంది. (ఎందుకు మాన్పించారని మాత్రం ఇక్కడ మొదలుపెట్టకండి. ఆ చర్చ మా అత్తగారింట్లో ప్రతి పండక్కీ జరుగుతుంది.)

కాజీపేటలో ఒకావిడ తన బాబు వాడిన ఐదో తరగతి సెట్టు మొత్తం అమ్ముతున్నారు. కొన్నది 18,000కట, అడుగుతున్నది 11,000. అందులో సింగపూర్ పద్ధతి (ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత అంకె) లెక్కల పాఠ్యపుస్తకాలు రెండు, వాటి వర్క్‌బుక్కులు రెండు, తల్లిదండ్రుల గైడు, ఇంగ్లిష్ రీడర్లు పన్నెండు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నాలుగు ఉన్నాయి. మాంటిస్సోరి (పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతి) సామానులో పదులు, వందలు లెక్కపెట్టే బంగారు పూసల పెట్టె, చెక్క ముక్కలు పేర్చే ట్రైనోమియల్ క్యూబ్. పైగా ప్రింట్ తీసుకునే వర్క్‌షీట్ల పెన్‌డ్రైవ్ ఒకటి.

మొదటి వర్క్‌బుక్కు సగం దాకా రాసి ఉంది. పెన్సిల్‌తోనే కదా, రబ్బరుతో చెరిపేస్తే పోతుందన్నారు. మా ఆయనేమో "పాత పుస్తకమంటే సగం ధర, అంతకు మించి రూపాయి ఇవ్వకు" అంటాడు. ఆ మాటే ఆవిడతో అంటే "సగానికైతే మా చెల్లెలికే ఇచ్చుకుంటా" అంది. ఎవరి మాట న్యాయం?

పాతపుస్తకాల_బాబాయ్

బిడ్డా, నేను ఇరవై ఏళ్లు హన్మకొండలో పాత పుస్తకాల బండి నడిపిన. సగం ధర అన్నమాట ఎక్కడిదో చెప్తా విను. మేము ఎమ్మార్పీలో పావుకు కొని సగానికి అమ్మేవాళ్లం. మధ్యలో మిగిలిన పావులోనే మా కిరాయి, మా ఎండ, వానకు తడిసిన కట్టలు, ఎవరూ కొనక చివరికి తూకానికి పోయినవి, అన్నీ. కోఠీలోనైనా ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదైనా లెక్క దాదాపు ఇదే.

మీ ఇద్దరి మధ్య బండి లేదు. ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంట్లకు పోతున్నది. అంటే పావుకు, సగానికి మధ్యలో ఎక్కడో తెగాలి. సగం దాటి అడిగితే అది బజార్ల దొరకని సరుకై ఉండాలి.

ఇంకో మాట, 18,000 సంగతి మర్చిపో. ఆమె ఎంత పెట్టి కొన్నదో అది ఆమె కథ. ఆ వస్తువు ఇవాళ కొత్తది ఎంతకొస్తదో, ఎన్ని రోజులకొస్తదో కనుక్కో. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టు.

కాజీపేట_క్వార్టర్స్

ముందే చెప్తున్నా, ఆ అమ్మేది నేను కాదు. మాది కాజీపేటేగానీ.

బాబాయ్ గారూ, మీ లెక్క గైడ్లకు, ఇంటర్ పుస్తకాలకు సరిపోతుందేమో. ఇంటి చదువు సెట్టు అట్లాంటిది కాదు. నేను పోయినసారి మా పెద్దదాని మూడో తరగతి సెట్టు 60 శాతానికి అమ్మాను, నాకేం తప్పనిపించలేదు. ఏ పుస్తకం కొనాలి, ఏది వద్దు, దేని తర్వాత ఏది చెప్పాలి అని తేల్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మూడు సెట్లు కొని రెండు అటకెక్కించాను. కొనేవాళ్లకు ఆ తిప్పలన్నీ తప్పుతాయి. దానికి విలువ లేదా?

ఇక కొనేవాళ్ల సంగతి. నలభై ఫొటోలు పంపమంటారు. ప్రతి పుస్తకం వెన్ను, ప్రతి మూల. అన్నీ తీసి పంపాక "మా ఆయన్ని అడిగి చెప్తా అక్కా" అని మాయమైపోతారు. ఒకామె డబ్బులు సగం వేసి, పార్సిల్ కట్టాక వద్దంది. ఆ టెన్షన్‌కు ఎవరు ధర కడతారు?

మంచిర్యాల_నాన్న

కాజీపేట అక్కా, మీ కష్టం నిజమే. కానీ మీరు పుస్తకం అమ్ముతున్నారా, మీ అనుభవం అమ్ముతున్నారా? రెండూ కలిపి ఒకే ధర చెప్తే కొనేవాడికి ఏది దేనికో ఎట్లా తెలుస్తుంది?

సెట్టు అన్నమాటే నాకు అనుమానం. అందులో పైసా విలువ లేనివి కూడా కలిసిపోతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే తీసుకోండి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా కొత్త పుస్తకం 65 రూపాయలు. పీడీఎఫ్ వాళ్ల సైట్‌లో ఉచితం. పైగా ఐదో తరగతివి 2025లో మారిపోయాయి. 2024లో మూడు, ఆరు మారాయి, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. ఆవిడ దగ్గరున్నవి ఏవో అట్ట తిప్పి చూడండి, పాతవైతే ఆ నాలుగింటికీ సున్నా వేయండి.

నేనైతే మంచిర్యాల నుంచి హైదరాబాద్ వాళ్ల దగ్గర విడివిడిగానే కొంటాను. ఇప్పుడు పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అని ఉంది, 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, ఆ పైన ట్యాక్స్. అచ్చు పుస్తకాలకే, చెక్క సామాను తీసుకోరు. అది ఆర్టీసీ కార్గోలో వేయించుకోవాల్సిందే.

కరీంనగర్_టీచర్

సున్నా అనకండి సార్. 2005 పాఠ్య ప్రణాళిక చట్రం కింద వచ్చిన పాత లెక్కల పుస్తకంలో చేపలు పట్టేవాళ్ల పడవలు, వాళ్ల సంపాదన మీద ఒక పాఠం ఉంది. అది చెప్పి చూడండి, పిల్లలు కదలరు. బడిలో పరీక్ష రాసే పిల్లకైతే కొత్త పుస్తకం తప్పదు. ఇంట్లో నేర్చుకునే పిల్లకు భిన్నాలు 2025లో ఏమీ మారలేదు కదా. విలువ ఉంది, ధర మాత్రం లేదు. 65 రూపాయల పుస్తకాన్ని పాతది చేసి ఎంతకమ్ముతారు?

పరీక్షల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. సుబేదారి చెల్లె, మీ పాపకు 14 నిండాక ఎన్ఐఓఎస్‌లోనో (కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూలు) మన తెలంగాణ ఓపెన్ స్కూల్లోనో పది రాయించాలనుకుంటే ఆ పుస్తకాలు ఇప్పటి నుంచే పాతవి కొని దాచకండి. మా కొలీగ్ అట్లే చేసింది. రాసిచ్చే అసైన్‌మెంట్లు ఏ ఏటికావేడు మారతాయి, పాత జవాబుల కట్ట ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. పాఠాలేమో సైట్‌లో ఉచితంగానే ఉంటాయి.

ఇంకొకటి చాలా రోజులుగా నోట్లోనే ఆగింది. ప్రభుత్వ బడుల్లో ఇచ్చే పుస్తకాలు, ఆ ఒక పేజీ తెలుగు పక్క పేజీ ఇంగ్లిష్ ఉండేవి, ఇంటి చదువు వాళ్లకు బాగా పనికొస్తాయని తెలిసి కొందరు వంద, నూటయాభైకి అమ్ముతున్నారు. లోపల పేజీ అడుగున ఉచిత పంపిణీ అని అచ్చేసి ఉంటుంది. అవి ఏదో ఒక పిల్ల సంచిలో ఉండాల్సినవి. సగం ధరకు వచ్చినా కొనొద్దు.

మట్టెవాడ_కుర్రాడు

ఇంత గొడవెందుకు ఆంటీ? ఆ గైడు, వర్క్‌బుక్కులు ఒక్క రోజు అడిగి తెచ్చుకోండి. చౌరస్తాలో జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేయిస్తే 900 దాటదు. పెన్‌డ్రైవ్ కాపీ కొట్టుకోవడానికి రెండు నిమిషాలు. 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా చదువు కోసం జిరాక్స్ తప్పు కాదనే చెప్పింది.

కరీంనగర్_టీచర్

తమ్ముడూ, ఆ కేసు యూనివర్సిటీ క్లాసు పాఠాలకు పుస్తకాల్లోంచి తీసిన భాగాలతో కట్టిన ప్యాకుల గురించి. మొత్తం వర్క్‌బుక్కు జిరాక్స్ తీసి పంచుకోవచ్చని అందులో లేదు. కొన్న పుస్తకం నీది, ఎవరికైనా అమ్ముకో. దాని నకలు నీది కాదు.

పాతపుస్తకాల_బాబాయ్

నా బండి మీద జిరాక్స్ కట్టలు పెట్టమని ఎంతమంది అడిగిన్రో. పెట్టలే. ధర్మానికి పోయి కాదు, అసలు పుస్తకం అమ్ముడుపోదు అని. ఇక పెన్‌డ్రైవ్ పాతది అమ్ముడేంది? ఆమె దగ్గర ఒక కాపీ ఉండనే ఉంటది. ఇచ్చేసినంక కూడా ఇంట్ల ఉండేదాన్ని అమ్ముడంటరా?

నక్కలగుట్ట_నివాసి

చెక్క సామాను గురించి ఎవరూ మాట్లాడట్లేదు, డబ్బంతా అక్కడే ఉంది. నా కథ చెప్తా.

ట్రైనోమియల్ క్యూబ్ అంటే ఒక చిన్న పెట్టెలో 27 చెక్క ముక్కలు. ఎర్రటి ఘనం ఒకటి, నీలం ఒకటి, పసుపు ఒకటి, మిగతా 24లో ఆరు పూర్తిగా నలుపు, పద్దెనిమిది కొన్ని వైపులు నలుపు, కొన్ని వైపులు రంగు. మూడు వరుసలుగా పేరిస్తే పెట్టె అంచుకు సమానంగా నిండుతుంది. నేను ఫొటో చూసి 1,400కు కొన్నాను. ఫొటోలో మూత పెట్టే ఉంది. ఇంటికొచ్చాక మా బాబు పేర్చుకుంటూ పోయాడు, మూడో వరుస చివర బొటనవేలంత ఖాళీ. ఎక్కడో తప్పు పేర్చానేమోనని వాడు నాలుగుసార్లు విప్పి మళ్లీ పేర్చాడు. ఐదోసారి ఏడ్చేశాడు. ముక్కే లేదు! వాడి తప్పనుకున్నాడు పాపం.

హంటర్ రోడ్డులో వడ్రంగి చేత ఆ ముక్క చేయించాను. కొలత సరిపోయింది, పసుపు మాత్రం కలవలేదు, పసుపు కొమ్ము రంగొచ్చింది. ఇప్పుడు మావాడు కళ్లు మూసుకుని అడిగినా అదే ముందు తీస్తాడు. కాబట్టి లెక్కపెట్టకుండా కొనకండి. ఒక పేజీ చినిగిన పుస్తకం చదువుకోవచ్చు, ఒక ముక్క లేని క్యూబ్ దేనికీ పనికిరాదు. అట్లాగని అన్నీ ఉంటే చెక్కకు 60 శాతమైనా ఇవ్వొచ్చు, అది అరగదు, ఎడిషన్ మారదు.

మంచిర్యాల_నాన్న

ఆ చెరిపేసిన వర్క్‌బుక్కు మాట మర్చిపోయాను. కొనకండి. మేము ఒకటి కొన్నాం, మా ఆవిడ రెండు రాత్రులు కూర్చుని అంతా చెరిపింది. అంకెలు పోయాయి, గాడి పోలేదు. మావాడు పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని పాత జవాబులన్నీ చదివేశాడు. అన్నీ కరెక్టే రాస్తున్నాడని వారం రోజులు మురిసిపోయాం. ఆ తర్వాత 7 గుణకారం 8కి 54 అని రాశాడు. అడిగితే "అందులో అట్లే ఉంది" అన్నాడు.

కాజీపేట_క్వార్టర్స్

😀 ఇది మాత్రం నిజం. రాసిన వర్క్‌బుక్కుకు డబ్బులు అడగకూడదు, ఒప్పుకుంటా. గైడు విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటా. అందులో ఎవరూ రాయరు, ఎందరు పిల్లలకైనా అదే వాడుకోవచ్చు. 70 శాతానికి తక్కువ ఇస్తే అది అమ్మడం కాదు, దానం.

సుబేదారి_అమ్మ

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం పాపను తీసుకుని కాజీపేట వెళ్లొచ్చాను. ఏమైందో రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

నక్కలగుట్ట అక్క చెప్పినట్టు ముందు క్యూబ్ కింద పోయించి పాప చేత పేర్పించాను. 27 ఉన్నాయి, ఖాళీ లేదు. బంగారు పూసల పెట్టెలో పది పూసల కడ్డీలు రెండింటికి తీగ వదులై పూసలు జారుతున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీవి పాతవే. వర్క్‌బుక్కు చెరపలేదు, మంచిదే అయింది.

బాబాయ్ గారన్నట్టు ఒక్కోదానికి ఇవాళ కొత్తది ఎంతో ఇద్దరం ఫోన్‌లో చూసి కాగితం మీద రాశాం. పాఠ్యపుస్తకాలు రెండూ 3,000, సగానికి 1,500. గైడు 2,000, కాజీపేట అక్క లెక్కనే 1,400. (ఆవిడ కూడా సరిగ్గా అదే అడిగింది. మీరిద్దరూ ఒకరు కాదు కదా?) రాయని రెండో వర్క్‌బుక్కు 800, రాసినదానికి సున్నా. రీడర్లు పన్నెండూ కలిపి 900. పూసల పెట్టె కొత్తది 4,500, తీగలు పోయాయి కాబట్టి 2,600. క్యూబ్ 1,500. ఎన్‌సీఈఆర్‌టీ, పెన్‌డ్రైవ్ రెంటికీ ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ నేనే వద్దన్నాను. కలిపితే 8,700. ఆవిడే 8,500 ఇవ్వమంది.

18,000లో సగానికి ఇంకో 500 తక్కువ. మా ఆయన తనే గెలిచాననుకుంటున్నాడు, చెప్పినా వినట్లేదు.

లేచి వచ్చేస్తుంటే అల్మారాలోంచి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్కు తీసింది. ఏ రోజు ఏం చెప్పింది, బాబు ఎక్కడ ఆగిపోయాడు, ఏ పాఠం రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, అన్నీ ఆవిడ చేతిరాత. దశాంశాల దగ్గర "ఇవాళ వద్దు, భద్రకాళి చెరువు దాకా నడిచొచ్చాం" అని ఉంది. కాజీపేట అక్క అన్న ఏడాది కష్టం అంటే ఇదేననిపించింది. నిజం చెప్పాలంటే దానికి 2,000 అడిగినా ఇచ్చేదాన్నే. అమ్మనంది. చిన్నోడు వచ్చే జూన్‌లో ఐదుకొస్తాడు, అప్పటికి తెచ్చివ్వమని చేతిలో పెట్టింది.

మట్టెవాడ_కుర్రాడు

ఆ నోట్‌బుక్కు జిరాక్స్...

సుబేదారి_అమ్మ

తీయను తమ్ముడూ. అడిగాను కూడా, వద్దంది.

పాతపుస్తకాల_బాబాయ్

ఆ తీగ వదులైన కడ్డీలు కొత్తవాడలో మగ్గం పని చేసేవాళ్లకు ఎవరికన్నా చూపియ్యి బిడ్డా. ముడి వేయుడు వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెల్వదు.