సామాన్యులు ఎలా చనిపోయారో సైనికులే చెప్పిన సాక్ష్యాలు చదువుతున్నా, ఆర్మీలో చేసినవాళ్లు కాస్త చెప్పండి

గాజువాక_స్వాతి:

అందరికీ నమస్తే అండీ. మా తమ్ముడు అగ్నివీర్‌కి సెలెక్టయ్యాడు, ఇంకొన్నాళ్లలో ట్రైనింగ్‌కి వెళ్తాడు, ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. వాడు వెళ్లేలోపు యుద్ధం అంటే అసలు ఏం జరుగుతుందో తెలుసుకుందామని సైనికులు స్వయంగా చెప్పినవి వెతికి చదవడం మొదలుపెట్టా, అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ఇజ్రాయెల్‌లో బ్రేకింగ్ ద సైలెన్స్ అని మాజీ సైనికుల సంస్థ ఉంది, పాలస్తీనాలోని హెబ్రాన్ అనే ఊళ్లో డ్యూటీ చేసొచ్చిన కుర్రాళ్లు 2004లో పెట్టుకున్నారు. 2014 గాజా యుద్ధంలో పనిచేసిన 60 మందికి పైగా సైనికుల మాటల్ని వీళ్లు 2015లో బయటపెట్టారు. అందులో పదే పదే వచ్చేది ఏంటంటే, ముందే కరపత్రాలు వేశాం, ఫోన్లు చేశాం, జనం అంతా వెళ్లిపోయారు, ఇక లోపల కనిపించేవాడు ఎవడైనా శత్రువే అనుకోండి అని బ్రీఫింగ్‌లో చెప్పి పంపారట. ఐక్యరాజ్యసమితి విచారణ ప్రకారం ఆ యుద్ధంలో 2,251 మంది పాలస్తీనీయులు చనిపోతే వాళ్లలో 1,462 మంది సివిలియన్సే, ఇజ్రాయెల్ వైపు 67 మంది సైనికులు, ఆరుగురు సివిలియన్స్ చనిపోయారు.

దానికి చాలా ముందు 1971లో అమెరికాలోని డెట్రాయిట్‌లో వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన అమెరికా సైనికులు 100 మందికి పైగా మూడు రోజులు వరసగా కూర్చుని మేం చేసింది ఇది, చూసింది ఇది అని చెప్పారు, వింటర్ సోల్జర్ అని దాని పేరు. 2008 మార్చిలో అదే పేరుతో అమెరికాలోనే సిల్వర్ స్ప్రింగ్‌లో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి వచ్చిన సైనికులు చెప్పారు. పొరపాటున ఎవరైనా మామూలు మనిషి చనిపోతే శవం పక్కన పెట్టడానికి బండిలో ఓ పార, ఓ పాత తుపాకీ ఉంచుకునేవాళ్లమని ఒకాయన చెప్పాడు. పార ఎందుకంటే రోడ్డు పక్కన బాంబు పాతుతున్నాడని రాసుకోవచ్చు కదా. అది చదివాక ఇంక ముందుకి వెళ్లలేకపోయా.

ఇవి చెప్పినవాళ్లు కూడా మా తమ్ముడి వయసు వాళ్లే, 19, 20, 21. నేను అడిగేది ఒక్కటే, మంచి పిల్లాడు ఆ స్థితికి ఎలా వస్తాడు? ఆర్డర్ వల్లా, భయం వల్లా, పక్కవాళ్లని చూసా? మన దగ్గర ఎలా ఉంటుంది? దయచేసి తిట్టుకోకుండా చెప్పండి.


సింధియా_రమేష్:

స్వాతి గారూ, మీ తమ్ముడికి కంగ్రాట్స్. మా నాన్న డాక్‌యార్డ్‌లో చేశారు, మా ఇంటి చుట్టూ అంతా నేవీ, ఆర్మీ వాళ్లే, అందుకని ఇలాంటివి చదివితే నాకు బాధేస్తుంది. ఆ సాక్ష్యాల్లో చాలావాటికి పేరు ఉండదు, ఊరు ఉండదు, ఎవరు చెప్పారో తెలియనప్పుడు ఎలా నమ్మాలి? ఇంకో విషయం, ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు కాల్చకూడదు అనే రూల్స్ మరీ బిగిస్తే చచ్చేది మన పిల్లలే. 2009లో అఫ్గానిస్తాన్‌లో అమెరికా జనరల్ మెక్‌క్రిస్టల్ ఇళ్ల మీద బాంబులు వేయడం తగ్గించండి అని ఆర్డర్ ఇచ్చినప్పుడు సైనికులే గొడవ పెట్టారు, మా చేతులు కట్టేశారు, ఎయిర్ సపోర్ట్ అడిగితే రావట్లేదు అని. ఆ మాట చెప్పినవాళ్లు కూడా సైనికులే కదా, వాళ్ల సాక్ష్యం మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఏసీ గదిలో కూర్చుని రూల్ రాయడం తేలిక, అర సెకనులో ట్రిగ్గర్ నొక్కాలా వద్దా అని తేల్చుకోవడం వేరు.


పెందుర్తి_సుబేదార్_రిటైర్డ్:

అమ్మా స్వాతీ, నాది విజయనగరం జిల్లా, ఇప్పుడు పెందుర్తిలో ఉంటున్నాను. పల్టన్‌లో చాలా ఏళ్లు చేశాను, కశ్మీర్‌లో చేశాను, ఈశాన్యంలో చేశాను. రమేష్ బాబు అర సెకను గురించి చెప్పింది అబద్ధం కాదు, నాకా (చెక్‌పోస్ట్) మీద రాత్రిపూట బండి ఆపకుండా వస్తుంటే ఆ అర సెకను ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ నేను చూసినదాంట్లో తప్పు ఆ అర సెకనులో మొదలవ్వదు, దానికి ముందు రోజు సాయంత్రం బ్రీఫింగ్‌లో మొదలవుతాది.

ఏటంటే, రూల్ కాగితం మీద ఎప్పుడూ సరిగ్గానే ఉంటాది. ముందు అరిచి ఆపమనాలి, ఆగకపోతే హెచ్చరించాలి, ఎవరో పోల్చుకోవాలి, చేతిలో ఏముందో చూడాలి, తప్పనిసరైతేనే కాల్చాలి, అదీ ఎంత అవసరమో అంతే. ఇది ప్రతి జవానుకీ వల్లె వేయిస్తారు. అయితే బ్రీఫింగ్ ఇచ్చేవాడు చివర్లో, ఇన్‌పుట్ (ముందుగా అందిన సమాచారం) పక్కా, ఈ రోజు ఆ దారిలో వచ్చేది వాళ్లే అన్నాడనుకో, ఆ ఒక్క మాటతో పైన చెప్పినవన్నీ పోయాయి. కుర్రాడు ఇంక మనిషిని చూడడు, తనకి ముందే చెప్పిన శత్రువుని చూస్తాడు. కర్ర పట్టుకున్నా తుపాకీలాగే కనపడతాది. దానికి తోడు మొన్ననే పక్క మంచం మీద పడుకున్నవాడు చనిపోయి ఉంటే, లేదా పైనుంచి ఎంతమందిని కొట్టారు అని లెక్క అడుగుతూ ఉంటే, చెప్పక్కర్లేదు.

అలాగే ఒకే ఏరియాలో, ఒకే రూల్‌తో, ఒక కంపెనీ (అంటే జవాన్ల దళం) కింద ఏడాదిలో ఒక్క సామాన్యుడికీ దెబ్బ తగల్లేదు, పక్క కంపెనీలో గొడవలే గొడవలు, ఇదీ చూశాను. తేడా ఎక్కడంటే కమాండర్ దగ్గర. ప్రతి ఫైరింగ్ తర్వాత ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు, ఎన్ని రౌండ్లు పోయాయి అని కూర్చోబెట్టి అడిగేవాడు ఉంటే కుర్రాళ్లు జాగ్రత్తగా ఉంటారు. అడగనివాడు ఉంటే వాళ్లకి అర్థమైపోతాది, పర్లేదు అని. నోటితో ఎవరూ పర్లేదు అని చెప్పక్కర్లేదమ్మా.


సబ్బవరం_లా_స్టూడెంట్:

సుబేదార్ గారూ, మీరు బ్రీఫింగ్ గురించి చెప్పింది చదువుతుంటే నాకు ఓటింగ్ అనే ఊరు గుర్తొచ్చింది. నాగాలాండ్‌లో మోన్ జిల్లాలో ఉంది, 2021 డిసెంబర్ 4. మన విశాఖలో ఆ తేదీ అంటే నేవీ డే, అక్కడ ఆ సాయంత్రం బొగ్గు గనిలో పనిచేసి పికప్ వ్యాన్‌లో ఇంటికెళ్తున్న 8 మంది మీద మన ఆర్మీ స్పెషల్ ఫోర్సెస్ కాల్పులు జరిపారు, ఆరుగురు అక్కడే చనిపోయారు. మిలిటెంట్లు ఆ దారిలో వస్తున్నారని ఇన్‌పుట్, అచ్చం మీరు చెప్పినట్టే. ఆపమంటే ఆపలేదని కేంద్రం పార్లమెంటులో చెప్పింది, బతికి బయటపడినవాళ్లలో ఒకరు అసలు ఎవరూ ఆపమనలేదు అన్నాడు. ఆ తర్వాత ఊరివాళ్లు వచ్చి గొడవై ఇంకొంతమంది పోయారు, ఒక జవాను కూడా చనిపోయాడు. 2022లో రాష్ట్ర పోలీసుల సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) 30 మంది సైనికుల మీద చార్జిషీట్ వేసింది, ఎవరో పోల్చుకోకుండానే కాల్చారు, రూల్స్ పాటించలేదు అని. కానీ ఏఎఫ్‌ఎస్‌పీఏ (సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం) ఉన్నచోట కేంద్రం అనుమతి లేకుండా కేసు నడవదు, కేంద్రం అనుమతి ఇవ్వలేదు, 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రొసీడింగ్స్ మూసేసింది, అనుమతి వస్తే మళ్లీ నడపొచ్చు అంటూ.

రమేష్ అన్నా, పేర్లు లేని సాక్ష్యం ఎలా నమ్మాలి అన్నావు, సరైన ప్రశ్నే. కానీ పేరు పెట్టి చెప్పినవాళ్లకి ఏమైందో కూడా చూడాలి. వియత్నాంలో మై లై అనే ఊళ్లో అమెరికా సైనికులు చేసిన ఊచకోత 1968 మార్చి 16న జరిగింది, చనిపోయినవాళ్లు అమెరికా ఆర్మీ లెక్కలో 347 మంది, వియత్నాం లెక్కలో 504 మంది. ఏడాది పాటు అది గొప్ప విజయం కిందే రికార్డుల్లో ఉంది. రాన్ రైడెనవర్ అనే మాజీ సైనికుడు తోటివాళ్ల దగ్గర విన్నవన్నీ కూర్చుకుని 1969 మార్చిలో కాంగ్రెస్ సభ్యులకీ, పెంటగాన్‌కీ ఉత్తరాలు రాస్తేనే విచారణ మొదలైంది. ఆ రోజు హ్యూ థాంప్సన్ అనే పైలట్ తన హెలికాప్టర్ని ఊరివాళ్లకీ, సొంత సైనికులకీ మధ్యలో దించి, మనవాళ్లు వీళ్ల మీద కాలిస్తే మీరు మనవాళ్ల మీద కాల్చండి అని తన సిబ్బందికి చెప్పాడు. ఆయన్ని చాలా ఏళ్లు ద్రోహి అన్నారు, 1998లో మెడల్ ఇచ్చారు. 22 మందిని చంపినట్టు రుజువై యావజ్జీవం పడిన లెఫ్టినెంట్ కాలీ మాత్రం మూడున్నరేళ్లు, అదీ ఎక్కువ భాగం గృహ నిర్బంధంలో ఉండి బయటికొచ్చేశాడు. ఇది తెలిసినవాడు పేరు పెట్టి మాట్లాడతాడా?

ఆస్ట్రేలియాలో బ్రెరెటన్ అనే జడ్జి చేసిన విచారణ 400 మందికి పైగా సాక్షుల్ని విని 2020లో తేల్చింది, వాళ్ల స్పెషల్ ఫోర్సెస్ అఫ్గానిస్తాన్‌లో 39 మందిని అక్రమంగా చంపారని, అందులో ఒక్కటి కూడా యుద్ధం వేడిలో జరిగింది కాదని. కొత్తగా వచ్చిన కుర్రాడితో ఖైదీని చంపించి మొదటి హత్య చేయించేవారట. అది కూడా సైనికులు నోరు విప్పితేనే తెలిసింది.

మెక్‌క్రిస్టల్ ఆర్డర్ గురించి ఒక లెక్క చెప్తా. ఐరాస లెక్కల్లో ప్రభుత్వ, విదేశీ బలగాల వల్ల చనిపోయిన అఫ్గాన్ సివిలియన్లు 2009లో 596 మంది, 2010లో 440 మంది. రూల్ బిగిస్తే 150 మందికి పైగా ప్రాణాలతో మిగిలారు, ఆ ఏడాది యుద్ధం ఇంకా పెరిగినా సరే.


ఎంవీపీ_అనసూయ:

నేను రిటైర్డ్ టీచర్‌ని. నాకు ఆర్మీ సంగతి తెలియదు గానీ, జనం అంతా వెళ్లిపోయారు, లోపల ఉన్నవాడు శత్రువే అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు మన విశాఖ మీద బాంబులు వేశారు కదా, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని పెద్దవాళ్లు చెప్పేవారు, బళ్లు కట్టుకుని, నడుచుకుంటూ పల్లెలకి పోయారట. కానీ మా అమ్మమ్మ వాళ్లింట్లో ముసలామె మంచం దిగలేదు, ఆవిడ కోసం ఇద్దరు కోడళ్లు ఉండిపోయారు. పక్కింట్లో నెలలు నిండిన మనిషి. కూలి చేసుకునేవాళ్లు ఎక్కడికి పోతారు, ఏ చుట్టం ఇంటికి పోతారు? ఖాళీ అయిన ఊళ్లో మిగిలేది ఎప్పుడూ వీళ్లేనమ్మా, నడవలేనివాళ్లు, వాళ్లని వదల్లేనివాళ్లు, డబ్బు లేనివాళ్లు. కరపత్రం వేసి, అందరూ పోయారనుకుని లోపలికి సైన్యాన్ని పంపితే చచ్చేది సరిగ్గా ఈ మనుషులే. ఈ మాత్రం ఆ ప్లాన్ వేసే పెద్దవాళ్లకి తెలియదంటే నేను నమ్మను.


సబ్బవరం_లా_స్టూడెంట్:

అమ్మా, చట్టం కూడా అదే అంటుంది. హెచ్చరించినంత మాత్రాన లోపల మిగిలినవాళ్లు సివిలియన్స్ కాకుండా పోరు. అనుమానం ఉంటే సివిలియన్ అనే అనుకోవాలి అని జెనీవా ఒప్పందాలకి కలిపిన 1977 అదనపు ప్రోటోకాల్‌లో రాసే ఉంది. మన దేశం దాంట్లో చేరలేదు, 1949 జెనీవా ఒప్పందాల్లో మాత్రం ఉన్నాం, వాటి కోసం 1960లో చట్టం కూడా చేసుకున్నాం. మణిపూర్‌లో 1,528 మందిని చంపారన్న ఫిర్యాదు మీద 2016లో మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఏఎఫ్‌ఎస్‌పీఏ ఉన్నంత మాత్రాన సైన్యానికి పూర్తి మినహాయింపు ఉండదు అని.


సింధియా_రమేష్:

అనసూయ అమ్మ గారు చెప్పింది నేను కాదనలేను. ఆ 596, 440 లెక్క కూడా సరే. కానీ ఆ బిగింపు వల్ల ఎక్కువ ప్రమాదంలో పడిన సైనికుడి గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి, నేను అది అడుగుతూనే ఉంటా. ఓటింగ్ విషయంలో మాత్రం, తప్పు లేదంటే కోర్టులో తేలాలి గానీ అనుమతి ఇవ్వకుండా ఆపేస్తే మిగతా జవాన్లందరికీ కూడా ఆ మచ్చ అంటుకుంటుంది. నాకు అదే కోపం.


గాజువాక_స్వాతి:

అందరికీ థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా రాసినందుకు. సుబేదార్ గారూ, ఒక్కటి అడుగుతా, రేపు మావాడికి ఎవరైనా తప్పు ఆర్డర్ ఇస్తే వాడు ఏం చేయాలి? కాదంటే కోర్ట్ మార్షల్ కదా, కొత్తగా చేరినవాడు, నాలుగేళ్లకి వచ్చినవాడు, వాడి మాట ఎవరు వింటారు?


పెందుర్తి_సుబేదార్_రిటైర్డ్:

భయం ఉంటాదమ్మా, లేదని చెప్పను. కానీ ఆర్మీ యాక్ట్ సెక్షన్ 41లో ఉన్నది చట్టబద్ధమైన ఆర్డర్‌ని కాదంటే శిక్ష అని, ఏ ఆర్డర్‌నైనా అని కాదు. చేతులెత్తినవాడిని, నిరాయుధుడిని కాల్చమంటే అది చట్టబద్ధమైన ఆర్డర్ కాదు. మీవాడితో చెప్పు, ట్రైనింగ్‌లో డూస్ అండ్ డోంట్స్ చెప్పినప్పుడు నిద్రపోవద్దు, అవి సుప్రీంకోర్టు 1997లో తప్పనిసరిగా పాటించాలన్నవి. బ్రీఫింగ్‌లో అనుమానం వస్తే అక్కడే, అందరి ముందే అడగమను, సాబ్, సివిలియన్ ఉంటే ఏం చేయాలి అని. కొత్త కుర్రాడు అడిగాడని కోప్పడే కమాండర్ని నేను తక్కువే చూశాను, పైగా ఆ ప్రశ్నకి జవాబు పదిమంది ముందు చెప్పాల్సి వస్తే ఇన్‌పుట్ పక్కా అనేవాడు కూడా ఒకసారి ఆగి ఆలోచిస్తాడు. ఇంకోటి, లీవ్‌కి వచ్చినప్పుడు ఎంతమందిని కొట్టావు అని ఇంట్లో ఎవరూ అడగొద్దు. మా ఊళ్లో నన్ను అడిగేవారు. వాడికి చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు, అప్పుడు మాత్రం మధ్యలో ఆపకుండా విను. వాడు బయల్దేరేముందు వీలైతే పెందుర్తి తీసుకురా, నేనే కూర్చోబెట్టి మాట్లాడతాను.