మామిడి పూత టైంలో తేనెటీగల పెట్టెకు థర్మకోల్ కట్టాలా?

పరకాల రైతు:
మా మామిడి తోటలో ఇటాలియన్ ఈగల పెట్టెలు పెట్టాను. పగలు ఎండ బాగానే ఉంది, తెల్లవారుజామున మాత్రం స్వెట్టర్ లేకుండా బయటికి రాలేం. ఒక పెట్టెలో పది ఫ్రేములుంటే (ఈగలు తెట్టె కట్టే చట్రాలు) నాలుగింటి మీదే ఈగలున్నాయి, పిల్లలు (గుడ్లు, ఎదిగే పురుగులు) రెండింట్లోనే. చలి దేశాల వీడియోల్లో పెట్టె చుట్టూ థర్మకోల్ కడుతున్నారు. మనమూ కట్టాలా? ఏప్రిల్‌లో లోపల ఉడికిపోతాయేమోనని టెన్షన్.

ములుగు తేనె:
తమ్మీ, బయట కట్టేముందు లోపల చూడు. నాలుగు ఫ్రేముల ఈగలకు పది ఫ్రేముల ఇల్లెందుకు? పిల్లలున్న చోట రాత్రీ పగలూ 34, 35 డిగ్రీలు ఉండాలి. ఆ వేడి ఈగలే పుట్టిస్తాయి, రెక్కలు ఆడించకుండా వాటి కండరాలను మాత్రం వణికించి. దానికి ఖర్చయ్యేది తేనే. ఖాళీ ఎక్కువైతే ఆ వేడంతా అటు పోతుంది, పిల్లల మీంచి ఈగలు కదలలేవు. మరి పూత మీదికి పోయేదెవరు? రాణి ఎన్ని గుడ్లు పెట్టినా, ఈగలు కప్పగలిగినన్నే బతుకుతాయి.

ఖాళీ ఫ్రేములు తీసి, ఈగల పక్కకు డమ్మీ బోర్డు, అంటే ఫ్రేము కొలత చెక్క పలక, అడ్డంగా జరుపు. ఈ పని మధ్యాహ్నం చెయ్యి, పొద్దున్నే తెరవకు. ఈగలు నిండాక ఒక్కో ఫ్రేమే ఇవ్వు, అదీ పక్కన. పిల్లల ఫ్రేముల మధ్యలో పెడితే గూడు రెండు ముక్కలై పిల్లలు చలికి చస్తాయి. తీసిన ఫ్రేములు మూలన పడేస్తే మైనపు పురుగు పడుతుంది, జాగ్రత్త.

థర్మకోల్ ఒక్క పైన చాలు. వేడి ఎక్కువగా పోయేది పైనుంచే. మూత చల్లగా ఉంటే ఈగల ఊపిరి తేమ అక్కడ నీళ్లై వాటి మీదే కారుతుంది. లోపలి మూతకూ రేకు మూతకూ మధ్యలో పెట్టు, ఈగలకు అందితే కొరికి పోగులు పెడతాయి. ఏప్రిల్‌లో తీయకు. రేకు కాలినప్పుడు ఆ వేడిని కిందికి దిగనివ్వనిదీ అదే. అది ఉందని పెట్టెను ఎండలో వదిలేయకు, నీడా నీళ్లూ కావాల్సిందే. గోనె సంచి మడిచి వేసినా నడుస్తుంది గానీ తడిస్తే దండగ.

హన్మకొండ అగ్రి:
అన్నా, చలేనని ఎలా అనుకున్నారు? పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు కొడుతున్న రోజులివి. పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పగా పడ్డాయా? బయటికి పోయినవి మందుకు చస్తే, లోపల వెచ్చబెట్టేవి కూడా తగ్గుతాయి.

పరకాల రైతు:
కుప్పలేం లేవు. మా తోటలో కొట్టలేదు, పక్క తోటాయనను అడుగుతా. డమ్మీ బోర్డు ఎక్కడ దొరుకుతుంది?

ములుగు తేనె:
కొనేదేముంది? ఫ్రేము తీసుకుపోయి వడ్రంగికి చూపించు, ఆ కొలతకే పలక కోసిస్తాడు. పక్కాయన మందు కొట్టేదుంటే సాయంత్రం, ఈగలు ఇల్లు చేరాక కొట్టమను.