హనోయ్‌లో టీచర్ వీకెండ్ సోమవారం మొదలవుతుంది

అందరికీ నమస్కారం. మాది గాజువాక. వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక ఇంగ్లిష్ సెంటర్‌లో టీచర్‌గా చేరి పది రోజులైంది. శని, ఆదివారాల్లో ఏమేం చూడాలో ఇంట్లోనే లిస్టు రాసుకుని వచ్చాను. తీరా టైమ్‌టేబుల్ చూస్తే ఆ రెండు రోజులూ పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులే. సెలవు సోమ, మంగళవారాలు. శాకాహారిని, బండి నడపడం రాదు, ఒక్కదాన్నే తిరగాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

—

చెల్లీ, నేను అక్కడ మూడేళ్లు పాఠాలు చెప్పి వచ్చాను. ఇప్పుడు మన విశాఖలోనే ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. ముందు టైమ్‌టేబుల్ గురించి బాధపడకు. పిల్లలకి మామూలు రోజుల్లో బడి ఉంటుంది కదా, సెంటర్లకి దొరికేది సాయంత్రాలు, శని ఆదివారాలే. అక్కడ చాలామంది టీచర్ల పరిస్థితి ఇదే. మార్చమని అడగకు, ఉంచుకో. ఆదివారం జనంతో కిక్కిరిసే చోట్లు మంగళవారం ప్రశాంతంగా ఉంటాయి.

కాకపోతే సోమవారంతో ఒక చిక్కుంది. మన ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు కదా, అక్కడా కొన్నిటికి అంతే. హోచిమిన్ సమాధి మందిరం సోమ, శుక్రవారాల్లో మూసి ఉంటుంది. అక్కడి రకరకాల జాతుల జీవితం చూపే ఎథ్నాలజీ మ్యూజియం కూడా సోమవారం తెరవరు. నేను మొదటి సోమవారం తెల్లవారకముందే లేచి, తయారై, సమాధి మందిరం దాకా వెళ్లి గేటు చూసి తిరిగొచ్చాను. దానికి మంగళవారం వెళ్లు. ఉదయం పూటే తెరుస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకో. లోపల మాట్లాడకూడదు, ఆగకూడదు. ఏటా కొన్ని నెలలు మరమ్మతుల కోసం మూసేస్తారు కాబట్టి బయల్దేరే ముందు కనుక్కో.

సోమవారం వాన్ మియెవ్‌కి, అంటే సాహిత్య మందిరానికి వెళ్లు. అన్నిటికంటే ముందు అదే చూడు, ఎందుకంటే నువ్వు టీచర్‌వి. 1070లో చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరున కట్టారు. కొన్నేళ్లకే అక్కడ చదువుల శాల కూడా పెట్టారు. లోపల రాతి తాబేళ్ల వీపుల మీద 82 శిలాఫలకాలు నిలబడి ఉంటాయి. 1442 నుంచి 1779 దాకా రాజుగారి పరీక్షలు నెగ్గినవాళ్ల పేర్లు వాటి మీద చెక్కారు. ఇప్పటికీ పరీక్షల ముందు పిల్లలు వచ్చి దణ్ణం పెట్టుకుంటారు, డిగ్రీ అందుకున్నవాళ్లు గౌన్లు వేసుకుని ఫొటోలు దిగుతారు. పరీక్షల ముందు సింహాచలం మెట్లెక్కే మన పిల్లలే గుర్తొచ్చారు నాకు. మర్నాడు క్లాసులో నేనక్కడికి వెళ్లానని చెప్పగానే, అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్లాడు లేచి, నేను ఆ పేరు తప్పుగా పలుకుతున్నానని నాలుగుసార్లు పలికించాడు. ఇంగ్లిష్‌లో వాడు మాట్లాడిన మొదటి మాటలవి. ఆ రోజు నుంచి సెలవురోజు చూసిన చోటుతోనే వారం మొదలుపెట్టేదాన్ని.

హనోయ్‌లో సముద్రం లేదు. విశాఖలో పుట్టినవాళ్లకి అది రెండో వారానికే తెలిసొస్తుంది. మనసు బరువైన రోజు పశ్చిమ సరస్సు, వాళ్ల మాటలో హో తాయ్, దగ్గరికి వెళ్లు. గాలైనా తగులుతుంది. అక్కడి చాన్ క్వోక్ పగోడాలో ఒక బోధివృక్షం ఉంది. 1959లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తెచ్చి ఇచ్చిన మొక్క అది. మన తొట్లకొండ బౌద్ధారామం చూసి పెరిగిన నేను ఆ చెట్టు కింద చాలాసేపు కూర్చుండిపోయాను.

భోజనానికి 'అన్ చయ్' అన్న మాట నేర్చుకో, శాకాహారం అని అర్థం. ఆ మాట అనకపోతే ఆకుకూరలో కూడా చేపల సాస్ పడుతుంది. చాంద్రమానంలో 1వ తేదీ, 15వ తేదీ అక్కడ చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో నీకు వెతుక్కోనక్కర్లేదు. ఇంకొకటి, 20,000 డాంగ్ నోటూ 5,00,000 డాంగ్ నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. వేరువేరు అరల్లో పెట్టుకో.

రోడ్డు దాటడానికి జగదాంబ సెంటర్ అనుభవం చాలదు. పరిగెత్తకు, వెనక్కి అడుగు వేయకు. ఒకే వేగంతో నడువు, బండ్లు నిన్ను చూసి పక్కనుంచి పోతాయి.

రెండు రోజులూ ఖాళీ ఉంటే నిన్ బిన్ వెళ్లు. హనోయ్‌కి దక్షిణంగా 90 కిలోమీటర్ల పైచిలుకు, రైలుంది. సోమవారం ఉదయం వెళ్లి ఒక రాత్రి ఉండి రా. అక్కడి తామ్ కోక్‌లో పడవవాళ్లు కాళ్లతో తెడ్లు వేస్తారు. చాంగ్ ఆన్‌ని యునెస్కో 2014లో వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అక్కడ పడవ గుహల్లోంచే వెళ్తుంది. బొర్రా గుహల్లో నీళ్లు నిండి, పడవలో పోతున్నట్టు ఊహించుకో. హాలాంగ్ బే మాత్రం ఒక్కరోజులో వెళ్లి రావద్దు. రానూ పోనూ గంటలకొద్దీ బస్సులోనే గడిచిపోతుంది. పడవలో రాత్రి బస ఉన్న టూర్ తీసుకో.

—

నేను మధురవాడ అమ్మాయి, హనోయ్‌లో ఉండి రెండేళ్లు. అక్క చెప్పినవన్నీ నిజమే. ఆదివారం రాత్రి క్లాస్ అయ్యాక కూడా హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ తిరగొచ్చు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా ఆ వీధుల్లోకి వాహనాలు రానివ్వరు. డిసెంబరుకల్లా మంచి స్వెటర్ కొనుక్కో. ఫిబ్రవరి, మార్చిలో ముసురు పట్టి బట్టలు ఆరవు. బండి మాత్రం నేర్చుకోమంటాను, నేను నెలలో నేర్చుకున్నాను.

—

బండి విషయంలో నేను ఒప్పుకోను. అక్కడ చెల్లే లైసెన్స్ చేతికొచ్చే దాకా ముట్టుకోవద్దు చెల్లీ. అది లేకుండా పడితే ఇన్సూరెన్స్ డబ్బు రాదు, అమ్మానాన్నలు ఇక్కడ టెన్షన్‌తో నిద్రపోరు. గ్రాబ్ యాప్‌లో బైక్ పిలుచుకో, హెల్మెట్ వాళ్లే ఇస్తారు.

—

అక్కా, నిన్న సోమవారం వాన్ మియెవ్‌కి వెళ్లొచ్చాను. గ్రాబ్ బైక్ మీదే. తాబేళ్లని ముట్టుకోకుండా అడ్డం కట్టారు. పక్కన ఒక నాన్న తన చిన్న కూతురికి ఒక్కో రాయీ చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. రేపు సాయంత్రం ఐదున్నరకి ఏడేళ్ల పిల్లల క్లాస్. వాళ్ల చేత ఆ పేరు పలికించి నేర్చుకుంటాను.