స్లాబ్ పోసే రోజు సీనియర్‌కి ఈ మాట ఎలా చెప్పాలి?

హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో జూనియర్ ఇంజినీర్‌ని. ఆర్‌ఎంసీ (ప్లాంట్‌లో కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీట్) బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తే కాంక్రీట్ గట్టిపడటం మొదలవుతుంది. వెంటనే పంపు వాళ్లు డ్రమ్ములోకి నీళ్ల పైపు పెట్టేస్తారు. పని సాఫీగానే సాగుతుంది, బలం పోతుంది. ఎం30 గ్రేడు కాంక్రీట్ అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు తట్టుకోవాలి కదా. మా దగ్గర ఆ బలం పరీక్షించే క్యూబులు (కాంక్రీట్ నమూనా దిమ్మెలు) నీళ్లు కలపకముందే నింపుతారు. ఇంకేం, రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది!

మా సార్‌కి తెలియక కాదు. ఒకసారి కదిపితే "నువ్వు కొత్త, చూస్తూ ఉండు" అన్నారు. చెడ్డ మనిషి కాదు, నాకు పని నేర్పింది ఆయనే. అందుకే నోరు పెగలట్లేదు. కానీ రిజిస్టర్‌లో సంతకం నాది.

నీళ్లకు బదులు ప్లాంట్ వాళ్లని అడిగి అడ్మిక్చర్ (కాంక్రీట్‌ని మళ్లీ జారుగా చేసే రసాయనం) వేయించొచ్చని తెలుసు. ఆ మాట అందరి ముందు అంటే ఆయనకి తలవంపులుగా ఉంటుందేమో.

సైట్ అనుభవం ఉన్న అన్నలూ, అక్కలూ, ముందు ఆయనతో విడిగా మాట్లాడాలా? నేరుగా స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌కి మెయిల్ పెట్టాలా? రిజిస్టర్‌లో "నీళ్లు కలిపారు" అని రాసి సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందా? మీలో ఎవరైనా అలా రాశారా? వచ్చే వారం మళ్లీ స్లాబ్ ఉంది.